ఆఖరి వరుసకి అందే గారడీ



బడుల్లో, జూనియర్ కాలేజీల్లో వార్షికోత్సవాల సందడి మొదలయ్యే రోజులివి. షామియానాలు, సీరియల్ లైట్లు, అద్దెకు తెచ్చిన డాన్సు డ్రస్సులు, పొద్దుట్నుంచీ హలో హలో అంటూ మైకు టెస్టింగులు. ఈ హడావిడిలో ఎవరో ఒకరు, సైన్సు మాస్టారో, డిగ్రీ చదివే కుర్రాడో, నాకు గారడీ సరదా అని తెలిసి వెతుక్కుంటూ వస్తారు. "ఏడెనిమిది వందల మంది పిల్లలుంటారండి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటరు దాకా. నాకు పావుగంట టైమిచ్చారు. ఏ ట్రిక్కు చెయ్యమంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబే ఈవేళ్టి నా ప్రసంగం.

అడిగినవాళ్ళ దగ్గర నేను ముందు తెలుసుకునేవి రెండు. ఆఖరి వరుస స్టేజీకి ఎంత దూరం? అందులో కూర్చునేది ఎవరు? దూరం పాతిక మీటర్లు ఉంటుందంటారు. కూర్చునేది ఎప్పుడూ ఇంటరు కుర్రాళ్ళే. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా వాళ్ళే. ట్రిక్కుని వాళ్ళ కోసం ఎంచుకోవాలని నా సలహా. ముందు వరుసలో కూర్చున్న చిన్నవాళ్ళు ఏది చేసినా కళ్ళప్పగించి చూస్తారు. ప్రదర్శన నిలబడేదీ పడిపోయేదీ వెనక వరుసలోనే.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. దుకాణంలో కొత్తగా వచ్చిన పెట్టె కొంటారు, లేకపోతే ఫోనులో చూసి ముచ్చటపడ్డ పేకాట ట్రిక్కుని నెల రోజులు సాధన చేస్తారు. రహస్యం ఎంత కష్టమైతే ట్రిక్కు అంత గొప్పదనుకుంటారు. చూసేవాడికి రహస్యంతో పనిలేదు. వాడికి కనపడేది, వినపడేది, రేపు పొద్దున స్నేహితుడికి చెప్పుకోగలిగేది మాత్రమే లెక్క.

ఏ గారడీ అయినా ఒక చోట పుట్టి, ఆ చోటుకి తగ్గట్టు పెరుగుతుంది. మన నాలుగురోడ్ల కూడలి గారడీవాణ్ణి తీసుకోండి. డోలు వాయించి జనాన్ని గుండ్రంగా నిలబెడతాడు. నేలమీద గుడ్డ పరిచి, మూడు గిన్నెలు బోర్లించి, గుడ్డ ఉండల్ని మాయం చేస్తాడు. చూసేవాళ్ళకీ అతని చేతులకీ మధ్య రెండు గజాల దూరం. పూర్వం ఆంధ్రదేశంలో బ్రాహ్మణుల ఇళ్ళ వేడుకల్లో గారడీ చేసి సంభావన పుచ్చుకునే విప్రవినోదులు ఉండేవారు. వాళ్ళదీ పందిట్లో, నలుగురి మధ్యా చేసే విద్యే. గిన్నెలూ ఉండల ఆట రెండు వేల ఏళ్ళ నాటి రోమనులకీ తెలుసు. అంత ప్రాచీనమైన, అంత గొప్ప ఆటని ఎనిమిది వందల మంది ముందు బల్లమీద పెట్టి చేస్తే నాలుగో వరుస దాటాక అక్కడేం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

1845లో పారిస్‌లో రాబర్ట్ హూడాన్ అనే గడియారాల పనివాడు ఒక చిన్న థియేటరు తెరిచి, సంతల్లో తిరిగే ఈ విద్యని పెద్దమనిషి దుస్తుల్లో రంగస్థలం మీదికి ఎక్కించాడు. ఆ థియేటరులో పట్టేది సుమారు రెండు వందల మందే. ఆ తరవాత హాళ్ళు పెద్దవయ్యాయి, వాటితోపాటు వస్తువులూ పెద్దవయ్యాయి. మన దేశంలో పి.సి. సర్కార్ తన ఇంద్రజాల్ ప్రదర్శనకి మహారాజా వేషం, జరీ తలపాగా, రంగుల తెరలు, వాద్యబృందం, అంతమంది సహాయకులు ఎందుకు పెట్టుకున్నారంటే, ఆఖరి వరుసలో టిక్కెట్టు కొన్నవాడికి కూడా ఏదో ఒకటి కళ్ళనిండా కనిపించాలని.

దూరం సంగతి లెక్కకట్టి చూద్దాం. పేకముక్క పొడవు తొమ్మిది సెంటీమీటర్లు. పాతిక మీటర్ల దూరంలో ఉన్నవాడి కంటికి అది, చాచిన చేతిలో పట్టుకున్న నువ్వుగింజంత. అది ఆటీను రాజో ఇస్పేటు రాణియో వాడికెలా తెలుస్తుంది? చేతిరుమాలు నయం, కానీ రంగు ముదురుగా ఉండాలి. మూడు మీటర్ల తెల్ల తాడు, వెనక నల్లటి తెర ఉంటే, చక్కగా కనిపిస్తుంది. విప్పిన దినపత్రిక కనిపిస్తుంది. గాలిలోంచి రూపాయి బిళ్ళలు ఏరి బకెట్లో వేసే ట్రిక్కు వందేళ్ళకి పైగా పెద్ద హాళ్ళలో బతికింది. బిళ్ళ కనబడకపోయినా బకెట్లో పడ్డ ఖంగుమన్న చప్పుడు బాల్కనీ దాకా వినపడుతుంది. కాబట్టి మొదటి పరీక్ష ఇది: వస్తువు పెద్దదై ఉండాలి, లేకపోతే చప్పుడు చెయ్యాలి. రెండూ లేకపోతే అది ఇంట్లో, నలుగురు స్నేహితుల మధ్య చేసుకునే ట్రిక్కు.

రెండో పరీక్ష ఒక్క వాక్యం. జరిగింది ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలుండాలి. తాడు కోశాడు, మళ్ళీ ఒక్కటైపోయింది. పేపరు చింపాడు, విప్పితే చిరుగు లేదు. వీటిని ఎవరైనా చెప్పగలరు. అదే ఒక ముక్క తీసుకో, గుర్తుపెట్టుకో, లోపల పెట్టు, రెండు కట్టలు చెయ్యి, పైనుంచి ఏడు లెక్కపెట్టు, అందులో ఎర్రవి పక్కన పెట్టు అంటూ సాగే ట్రిక్కులో మూడో మెట్టు దగ్గరే వెనక వరుస సొంత కబుర్లలో పడిపోతుంది. ఆ తరవాత మీరు ఎంత అద్భుతం చేసినా అది వాళ్ళ కంట్లో పడదు.

ఇక మన ప్రేక్షకులెవరు? పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు. పసిపిల్లలైతే కుందేలు ఎక్కడుందో చెప్పమంటే గొంతు చించుకుని చెబుతారు. పెద్దవాళ్ళు బాగున్నా బాగోకపోయినా మర్యాదకి చప్పట్లు కొడతారు. ఈ వయసువాళ్ళు ఈ రెండూ చెయ్యరు. చప్పట్లు కొట్టే ముందు పక్కవాడి మొహం చూస్తారు. వాడు నవ్వితే నవ్వుతారు, వాడు పెదవి విరిస్తే విరుస్తారు. పిల్లచేష్టలు అనిపించుకోవడం వాళ్ళకి ప్రాణసంకటం. మోసపోయాననిపించుకోవడం అంతకన్నా సంకటం. అందుకే "ఇదెలా చేశానో కనిపెట్టండి చూద్దాం" అని మీరు సవాలు విసిరితే ఎనిమిది వందల మందీ ఆ క్షణం నుంచి మీకు ఎదుటి పక్షం. కనిపెట్టేదాకా వదలరు. కనిపెట్టలేకపోతే "ఆ, అదంతా సెట్టింగే" అని కొట్టిపారేస్తారు.

పైగా రహస్యాలకి ఇప్పుడు మునుపటంత కాపలా లేదు. 1997లో అమెరికా టీవీలో ఒక గారడీవాడు ముసుగు వేసుకుని పెద్ద పెద్ద ట్రిక్కుల గుట్టు వరసగా విప్పేశాడు. ఈవేళ ఆ పని ఫోనులో గంటకొకరు చేస్తున్నారు. పెట్టెలో మనిషిని కోసే ట్రిక్కు ఎలా చేస్తారో తొమ్మిదో తరగతి కుర్రాడు మీకే చెబుతాడు. దీనికి విచారించి లాభంలేదు. గుట్టు ఊహించినా ఆసక్తి చావని ట్రిక్కు ఎంచుకోవడం ఒక్కటే దారి. పిల్లలు ఓడిపోయేది వద్దు, వాళ్ళకీ ఆటలో వాటా ఉండేది కావాలి.

ఇక్కడొక ఉదాహరణ చెబుతాను. గారడీవాళ్ళ లోకంలో బ్యాంక్ నైట్ అని పేరున్న ట్రిక్కు ఉంది. 1930లలో అమెరికా సినిమా హాళ్ళు జనాన్ని రప్పించడానికి ఆ పేరుతో లాటరీ నడిపేవి, దాన్నుంచి వచ్చిందా పేరు. అయిదు కవర్లు ఉంటాయి. ఒకదాంట్లో అయిదు వందల నోటు. నలుగురు పిల్లలు తమకిష్టమైన కవరు ఎంచుకుంటారు. మిగిలింది గారడీవాడిది. నలుగురి కవర్లలో తెల్లకాగితాలు వస్తాయి, నోటు గారడీవాడి దగ్గర తేలుతుంది. కనబడుతుంది, ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, ఉత్కంఠ కూడా ఉంది. కానీ కథ ఏమిటో గమనించారా? డబ్బున్న పెద్దమనిషి నలుగురు పిల్లల్ని స్టేజీ ఎక్కించి, ఆశపెట్టి, అందరి ముందూ ఓడించి, తన నోటు తను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళి విందులో అయితే నవ్వుతారు. పిల్లల హాల్లో గోల చేస్తారు, చెయ్యడం న్యాయం కూడా.

అదే ట్రిక్కుని కొంచెం మార్చండి. నోటు ఒక విద్యార్థికి దొరకాలి. అది ఎవరికి దొరుకుతుందో మీరు ముందే రాసి హెడ్మాస్టరుగారి చేతిలో పెట్టిన కాగితం చివర్లో విప్పి చదివించాలి. మిగతా కవర్లలో తలో పెన్ను. ఇప్పుడు గెలిచింది విద్యార్థి, ఆశ్చర్యం మాత్రం మీది. సరంజామా దాదాపు అదే, హాలు మాత్రం మీ వైపు తిరుగుతుంది. ట్రిక్కు ఎంచుకునేటప్పుడు ఇందులో ఎవరు గెలుస్తున్నారని ఒక్కసారి అడిగి చూసుకోండి.

స్టేజీ మీదికి పిలిచిన పిల్లల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పదిహేనేళ్ళ అమ్మాయో అబ్బాయో వందల మంది ముందుకు రావడం మామూలు విషయం కాదు. వాళ్ళ నడక, మాట, జడ, చొక్కా, ఏదైనా మర్నాటికి మారుపేరుగా మారొచ్చు. చెవిలోంచి గుడ్డు తియ్యడం, జేబులోంచి ఏదో లాగడం, అమ్మాయినీ అబ్బాయినీ పక్కపక్కన నిలబెట్టి ఛలోక్తులు విసరడం, ఇవన్నీ ఆ క్షణానికి నవ్వు పుట్టిస్తాయి, ఆ తరవాత ఆ పిల్లలు ఏడాదంతా భరించాలి. వాళ్ళు వచ్చేది ఒక పని చెయ్యడానికి కావాలి. కత్తెర పట్టుకుని తాడు కొయ్యాలి, ముడి గట్టిగా ఉందో లేదో చూడాలి, బోర్డు మీద అంకె రాయాలి. వెళ్ళేటప్పుడు వాళ్ళ పేరు చెప్పి చప్పట్లు కొట్టించాలి. ఎవరినైనా ఆటపట్టించి తీరాలనిపిస్తే పీఈటీ సారుని పిలవండి, ముందుగా ఆయన్ని అడిగి మరీ. హాలు హోరెత్తిపోతుంది, ఆయన పరువుకీ ఏ నష్టం ఉండదు.

అందరినీ ఒకేసారి ఆటలోకి దించితే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. అనిపించడం సహజమే. లెక్కల ట్రిక్కుల్లో 1089 అని ప్రసిద్ధమైనదొకటుంది. మూడంకెల సంఖ్య ఒకటి అనుకోవాలి, ఉదాహరణకి 732. తిరగేస్తే 237. తీసివేస్తే 495. దాన్ని తిరగేసి కలిపితే 1089. మొదటి అంకె, చివరి అంకె వేరువేరుగా ఉన్న ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇదే వస్తుంది. క్లాసు గదిలో ముప్ఫై మందికి ఇది బ్రహ్మాండం. ఎనిమిది వందల మందికి చెయ్యమంటే కనీసం వంద మంది తీసివేతలో తప్పుతారు. 423 లోంచి 324 తీసేస్తే వచ్చే 99ని 099 అని రాసుకోవాలని ఎవరికీ తోచదు, అక్కడ ఇంకొందరు దారి తప్పుతారు. మీరు గంభీరంగా 1089 అని ప్రకటించగానే వెనకనుంచి "నాకు 198 వచ్చింది సార్" అని ఒక గొంతు లేస్తుంది. ఆ నవ్వు దాటి ట్రిక్కు బయటపడదు. లెక్క మీరు చేసి, సరిచూసే పని పిల్లలకిచ్చే ట్రిక్కు అయితే ఈ ఇబ్బంది ఉండదు.

అలాంటిదొకటి ఉంది. పెద్ద హాలు, ఈ వయసు పిల్లలు, తక్కువ ఖర్చు, ఈ మూడింటికీ నేను మొదట సిఫారసు చేసేది అదే. దాని పేరు మాయాచదరం. ఇది మన దేశానికి పాత చుట్టం. ఖజురహోలో పార్శ్వనాథ జైన దేవాలయంలో రాతిమీద చెక్కిన నాలుగు నాలుగుల చదరం ఉంది. 1 నుంచి 16 దాకా అంకెలు, ఏ వరుస కూడినా 34. నారాయణ పండితుడు 1356లో రాసిన గణిత కౌముదిలో ఇలాంటి చదరాలు కట్టే పద్ధతులకి ఒక అధ్యాయమే కేటాయించాడు. మనం చెయ్యబోయేది, పిల్లలు ఏ సంఖ్య అడిగితే ఆ సంఖ్య వచ్చేలా ఆ చదరాన్ని అక్కడికక్కడే కట్టి చూపించడం.

పెన్నూ కాగితం దగ్గరుంటే తీసుకోండి. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గళ్ళు గీయండి. నెమ్మదిగా చెబుతాను, రాసుకోండి. మొదటి వరుస: 8, 11, ఖాళీ, 1. రెండో వరుస: ఖాళీ, 2, 7, 12. మూడో వరుస: 3, ఖాళీ, 9, 6. నాలుగో వరుస: 10, 5, 4, ఖాళీ. ఈ పన్నెండు అంకెలూ ఎప్పటికీ మారవు, కంఠతా పట్టాలి. మారేవి నాలుగు ఖాళీలు. పిల్లలు చెప్పిన సంఖ్యలోంచి 20 తీసేస్తే వచ్చేది మొదటి వరుస ఖాళీలో, 21 తీసేస్తే వచ్చేది రెండో వరుసలో, 18 తీసేస్తే వచ్చేది మూడో వరుసలో, 19 తీసేస్తే వచ్చేది నాలుగో వరుసలో.

పిల్లలు 45 అన్నారనుకోండి. అంటారు కూడా, రోహిత్ శర్మ జెర్సీ నంబరు అది. ఖాళీల్లో వరసగా 25, 24, 27, 26 వస్తాయి. ఇప్పుడు కూడి చూడండి. అడ్డంగా ఏ వరుసైనా 45. నిలువుగా ఏ వరుసైనా 45. రెండు మూలవాట్లూ 45. నాలుగు మూలల్లో ఉన్న అంకెలు, అంటే 8, 1, 10, 26 కలిపితే 45. నడిమధ్య నాలుగు గళ్ళు 45. చదరాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో నాలుగు గళ్ళు, అవీ 45. పదహారు గళ్ళలో పదహారు రకాలుగా అదే జవాబు.

రహస్యం రేడియోలో చెప్పేశారేమిటని గారడీ మిత్రులు నామీద కోప్పడొద్దు. ఇది పెట్టెలో దాచిన అద్దం కాదు, గణితం. పుస్తకాల్లో ఉన్నదే. అయినా తెలిసినంత మాత్రాన రక్తి కట్టదు. దాన్ని నడిపే తీరు వేరే ఉంది.

సంఖ్య అడిగేటప్పుడు 35కీ 60కీ మధ్య చెప్పమనండి. 34కన్నా తక్కువైతే ఒకే అంకె రెండుచోట్ల పడొచ్చు. 90 అంటే చిన్న చిన్న అంకెల మధ్య 70, 69, 72, 71 అని నాలుగు మాత్రం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మొదటి వరుసలో కూర్చున్న చురుకైన అమ్మాయి ఇట్టే పట్టేస్తుంది. తరగతి బోర్డు వాడకండి, స్టేజీ లైట్లు పడి మెరుస్తుంది. నాలుగడుగుల చార్టు తెప్పించండి. అడుగు గడి, జానెడు అంకె, లావుపాటి నల్ల మార్కరు. గళ్ళు వరసగా నింపొద్దు. ఇక్కడొకటి, అక్కడొకటి, ఆలోచిస్తున్నట్టు ఆగి ఆగి నింపాలి. అన్నింటికన్నా చివరి గడిని ఖాళీగా ఉంచి, మార్కరు పట్టుకుని పిల్లల వైపు తిరగాలి. అప్పటికే కూడికలు మొదలై ఉంటాయి. ఆఖరి వరుసలో 10, 5, 4 కలిపితే 19, ఇంకా ఎంత కావాలి? హాలంతా ఒక్క గొంతుతో "ఇరవై ఆరు" అంటుంది. అది మీరు వాళ్ళు చెప్పినట్టే రాయండి. ఆ గడి వాళ్ళు నింపిందే.

తరవాత పనులు పంచండి. ఎడమ పక్కవాళ్ళు అడ్డం వరుసలు కూడాలి, కుడి పక్కవాళ్ళు నిలువు వరుసలు. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళకి మూలవాట్లూ, నాలుగు మూలలూ. ఒక్కో జవాబూ అదే సంఖ్యగా తేలుతున్నకొద్దీ హాల్లో ధ్వని పెరుగుతుంది. ఆ నలభై అయిదుని ప్రకటించేది మీరు కాదు, వాళ్ళే. నమ్మించే బాధ్యత మీ భుజాల మీదనుంచి దిగిపోతుంది. లెక్కలంటే పరీక్షలే గుర్తొచ్చే వయసులో లెక్క చూసి చప్పట్లు కొట్టడం ఆ పిల్లలకి కొత్త. లెక్కల మాస్టారు మర్నాడు క్లాసులో దాని గుట్టు బీజగణితంతో విప్పి చూపిస్తే ఆ గంట ఎవరూ నిద్రపోరు.

పావుగంటంతా ఒక్క ట్రిక్కుతో నడవదు కాబట్టి మధ్యలో కుట్టుపోగు ఒకటి ఉండాలి. సర్కార్ ప్రదర్శనల్లో వాటర్ ఆఫ్ ఇండియా అని ఒకటి ఉండేది. చెంబులో నీళ్ళన్నీ ఒంపేస్తారు. చెంబు బోర్లించి చూపించి పక్కన పెడతారు. కాసేపటికి మళ్ళీ ఎత్తితే మళ్ళీ నీళ్ళు. ఒక ట్రిక్కుకీ ఇంకో ట్రిక్కుకీ మధ్య దీన్ని వాడితే, మూడోసారికి పిల్లలే "సార్, చెంబు, చెంబు" అని గుర్తుచేస్తారు. నీళ్ళు పడ్డ చప్పుడు వినపడేలా స్టీలు బకెట్టు పెట్టండి, మైకు దానికి దగ్గరగా ఉంచండి.

ఏది ఎంచుకోకూడదో కూడా చెప్పాలి. కత్తులు, నిప్పు, బ్లేడు మింగడం, గొలుసులతో కట్టించుకోవడం, ఊపిరి బిగబట్టడం, ఇవేవీ ఈ వయసు ముందు వద్దు. 1956 ఏప్రిల్‌లో లండన్‌లో బీబీసీ టీవీలో సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో కోసే ట్రిక్కు చేశారు. అమ్మాయి లేచేలోగా ప్రసారం సమయం అయిపోయింది. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆయన పేరు మర్నాడు పత్రికల్లో మారుమోగింది. చూసిన పెద్దవాళ్ళు కంగారుపడి ఊరుకున్నారు. పిల్లలు ఊరుకోరు, హాస్టలు గదిలో చేసి చూస్తారు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తుపాకీ గుండు పట్టుకునే ట్రిక్కులో చంగ్ లింగ్ సూ 1918లో లండన్ రంగస్థలం మీదే గాయపడి చనిపోయాడు. 2019లో కోల్‌కతా దగ్గర చంచల్ లాహిరి గొలుసులతో కట్టించుకుని హుగ్లీ నదిలోకి దిగి తిరిగి రాలేదు. చూసి వెళ్ళిన పిల్ల ఇంట్లో చేసి చూస్తే ఏ ప్రమాదమూ లేని ట్రిక్కునే ఎంచుకోండి. తాడు, కాగితం, అంకెలు, చెంబు నీళ్ళు, వీటితో ఎవరికీ దెబ్బ తగలదు.

ఇంకో జాగ్రత్త. నాకు మనసులు చదవడం వచ్చు, నా దగ్గర శక్తులున్నాయి అని చెప్పుకోవద్దు, తమాషాకి కూడా. మన దగ్గర ఈ విషయంలో మంచి సంప్రదాయం ఉంది. కేరళకి చెందిన బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగి, బాబాల మహిమలన్నీ తను చేసి చూపించి ఎలా చేశారో చెప్పేవారు. 1988లో మొదలైన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు తెలుగునాట ఊరూరా, బడిబడికీ అదే పని తీసుకెళ్ళారు. బి.వి. పట్టాభిరామ్ గారు గారడీకి మనస్తత్వ శాస్త్రాన్నీ వ్యక్తిత్వ వికాసాన్నీ జోడించి విద్యార్థులతో మాట్లాడారు. సైన్సు దినోత్సవానికి చేసేటట్లయితే పసుపు నీళ్ళ ట్రిక్కు ఎంచుకోండి. పొడుగాటి గాజు జాడీలో పసుపు నీళ్ళు, వెనక తెల్లటి గుడ్డ, పక్కనుంచి లైటు. సున్నపు తేట పోస్తే నెత్తురు రంగు. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. ఇంట్లో దిష్టి తీసే ఎర్రనీళ్ళే అవి. క్షారం తగిలితే ఎర్రబడటం, ఆమ్లం తగిలితే తిరిగి పచ్చబడటం పసుపులో ఉన్న కుర్కుమిన్ గుణం. ఇలాంటిచోట గుట్టు చెప్పడమే ప్రదర్శన. నెత్తురు కక్కే నిమ్మకాయల పేరుతో భయపెట్టి డబ్బు గుంజేవాళ్ళ దగ్గర ఆ పిల్లలు రేపు జాగ్రత్తగా ఉంటారు. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి, తేట మాత్రమే వాడండి.

ఎంచుకున్నాక పరీక్ష పెట్టుకోవాలి. రెండు చేతులూ కావలసిన ట్రిక్కయితే మైకు ఎవరు పట్టుకుంటారు? కాలరు మైకు ఉందో లేదో ముందు రోజే కనుక్కోండి, లేకపోతే స్టాండు అడగండి. స్టేజీకి పక్కలనుంచి, వెనకనుంచి కూడా పిల్లలు తొంగిచూస్తారు. పక్కనుంచి చూస్తే బయటపడే ట్రిక్కు అక్కడ పనికిరాదు. మీ సాధనని మీరే ఫోనులో తీసి, నెమ్మది చేసి చూడండి. ఆ హాల్లో పదుల సంఖ్యలో ఫోన్లు పైకి లేస్తాయి. మీకు కనిపించిన లోపం వాళ్ళకీ కనిపిస్తుంది.

చివరగా, వన్స్ మోర్ సంగతి. మన పౌరాణిక నాటకాల్లో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని కేకలేసేవారు, నటుడు హార్మోనియం వైపు ఓసారి చూసి మళ్ళీ ఎత్తుకునేవాడు. పద్యానికి రెండోసారి వన్నె పెరుగుతుంది. గారడీకి తరుగుతుంది. మొదటిసారి ఏం జరుగుతుందో తెలియక చూసినవాడు, రెండోసారి ఎక్కడ చూడాలో తెలిసి చూస్తాడు. ఎంత కేకలేసినా చేసిన ట్రిక్కు అదే రోజు, అదే హాల్లో మళ్ళీ చెయ్యకండి. నమస్కారం పెట్టి దిగిపోండి.

మొత్తం మీద నా తీర్పు ఇది. పెద్దదై కనబడాలి, లేదా వినపడాలి. ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలవ్వాలి. స్టేజీ ఎక్కిన పిల్లకి గౌరవం దక్కాలి. ఇంటికెళ్ళి చేసి చూసినా ప్రమాదం ఉండకూడదు. ఈ నాలుగూ ఉన్న పాత ట్రిక్కు, ఇవి లేని కొత్త ట్రిక్కు కంటే వెయ్యి రెట్లు మేలు. ఉపాధ్యాయులకి ఒక మనవి: ఈసారి వార్షికోత్సవానికి బయటినుంచి గారడీవాణ్ణి పిలిచే ముందు, మీ బడిలోనే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికో అబ్బాయికో ఆ మాయాచదరం నేర్పి, పది నిమిషాలు స్టేజీ ఇచ్చి చూడండి. ఖర్చు ఒక చార్టు, ఒక మార్కరు.